చేతులు మాఱని ఋణము: కాంటు మతవిమర్శము

మతమును విమర్శించిన తత్త్వవేత్తలు రెండు తెఱఁగులవారు. దేవుఁడు లేఁడని స్థాపింపఁబూని మతమునకు మూలమే లేదనువారు కొందఱు. దేవుని యునికినిగూర్చిన వాదమును ప్రక్కనుంచి, మతము పేరిట మానవుఁడు తాను చేయవలసిన పనిని ఒరులమీఁద మోపుచున్నాఁడా యని యడుగువారు మఱికొందఱు. మొదటివారి ప్రశ్నము దేవునిగూర్చినది. రెండవవారి ప్రశ్నము భక్తునిగూర్చినది. ఈ రెండవ ప్రశ్నము నాస్తికునికంటె ఆస్తికునినే యెక్కువగా బాధించును.

జర్మను తత్త్వవేత్త యగు ఇమ్మానుయేలు కాంటు (1724–1804) ఈ రెండవ తెగలోనివాఁడు. 1793వ సంవత్సరమునఁ బ్రకటితమైన యాయన గ్రంథమునకు 'కేవలబుద్ధి పరిమితులలోని మతము' అని తెలుఁగునఁ బేరు చెప్పవచ్చును. దీనిని క్రైస్తవమతఖండనమని కొందఱును, ఆ మతమునకు లొంగుబాటని కొందఱును జదివిరి. ఈ రెండు పఠనములును గ్రంథములోని ముఖ్యసూత్రమును విడిచినవే. ఒకఁడు చేసిన దోషమునకు మఱియొకఁడు కర్త కాఁజాలఁడు. ఒకఁడు పొందవలసిన శుద్ధిని మఱియొకఁడు సంపాదించి యీయఁజాలఁడు: ఇదియే యా సూత్రము. గ్రంథములోని నాలుగు భాగములును దీనికి వ్యాఖ్యానప్రాయములు. ఆ సూత్రము ఎంత దృఢమైనదో, ఎక్కడ ముడివడినదో, గ్రంథకర్త జీవితమున నదెట్లు పరీక్షింపఁబడెనో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

గ్రంథావిర్భావము

కాంటు ప్రష్యా రాజ్యములోని క్యోనిగ్స్‌బెర్గు నగరమున, గుఱ్ఱపుజీనుల సామానులు చేయువాని యింటఁ బుట్టెను. ఆ నగరమునకు 1946 నుండి కాలినిన్‌గ్రాదు అని పేరు. అది రష్యాదేశమునఁ జేరినది. తల్లిదండ్రులు పీటిస్టు శాఖకుఁ జెందిన భక్తిపరులు. మతసిద్ధాంతములకంటె హృదయశుద్ధికిఁ బ్రాధాన్య మిచ్చుట యా శాఖ లక్షణము. తల్లియందును, ఆమె భక్తియందును ఆయనకుఁ గల గౌరవము తుదివఱకుఁ దగ్గలేదు. ఆయన చదివిన పాఠశాలలో మాత్రము ఆ భక్తియే గంటకొట్టి చేయించు నిర్బంధప్రార్థనముగా మాఱియుండెను. హృదయమునుండి పుట్టిన భక్తికిని, అధికారి చేయించు భక్తికిని గల భేద మాయనకు గ్రంథములవలనఁ గాక బాల్యముననే తెలియవచ్చెను.

రెండవ ఫ్రెడరిక్ రాజు 1786వ సంవత్సరమున మరణించువఱకుఁ బ్రష్యాలో మతవిషయికమైన చర్చకు నవకాశ ముండెను. ఆయన తరువాత రాజైన రెండవ ఫ్రెడరిక్ విలియము కాలమున మంత్రి వెల్నరు 1788 జూలై 9వ తేదీన మతశాసనమొకటి వెలువరించెను. ప్రాచీనవిశ్వాసములనుండి బోధకులు తొలఁగరాదని దాని సారాంశము. ఆ సంవత్సరమే గ్రంథపరీక్షాశాసనమును వచ్చెను. ఇట్టి సమయమున, డెబ్బదియేండ్లకు సమీపించుచున్న కాంటు మతమునుగూర్చి వ్రాయ నారంభించెను. మొదటిభాగము 1792 ఏప్రిలు నెలలో బెర్లిను మాసపత్రికలో నచ్చుపడెను. రెండవభాగమునకు బెర్లిను పరీక్షకులు అనుమతి నీయలేదు. అంతట కాంటు నాలుగు భాగములను జేర్చి, యేనా విశ్వవిద్యాలయములోని తత్త్వశాస్త్రశాఖవారి యనుమతి పొంది, 1793లోఁ బుస్తకముగాఁ బ్రకటించెను. 1794లో రెండవ ముద్రణము వచ్చెను. దాని ఫలముగా వచ్చిన రాజాజ్ఞనుగూర్చి తుదిని చెప్పఁబడును.

దోషమూలము

మానవునియందలి చెడుగు ఎక్కడినుండి వచ్చినది? ఇంద్రియములనుండి యని యొక సమాధానము. కాంటు దీని నంగీకరింపఁడు. ఆఁకలియు దప్పియుఁ బ్రకృతి యిచ్చినవి. ప్రకృతి యిచ్చినదానికి మానవుఁడు బాధ్యుఁడు గాఁడు. బుద్ధియే చెడినదని మఱియొక సమాధానము. ధర్మమును ధర్మమని యెఱుఁగని బుద్ధి గలవాఁడు పిశాచ మగునుగాని మానవుఁడు గాఁడు. కావున నదియును నిలువదు. ఆదిమానవుఁడైన ఆదాము చేసిన పాపము సంతతికి సంక్రమించినదనుట మూఁడవ సమాధానము. చెప్పఁబడిన కారణములలో నెల్ల నిదియే మిక్కిలి యనుచితమైనదని కాంటు తీర్పు. ఈ సందర్భమున నాయన యొక చమత్కార మాడెను. ఈ సంక్రమణమునే వైద్యులు వంశానుగతమైన రోగమందురు, న్యాయవేత్తలు పిత్రార్జితమైన ఋణమందురు, మతపండితులు సహజపాపమందురు. మూఁడు పేరులలోను మఱుఁగుపడునది యొక్కటియే: చేసినవాని కర్తృత్వము.

మఱి దోష మెందున్నది? క్రమవిపర్యయమునందు. ప్రతిమనుష్యునియందును ధర్మప్రేరణమును, స్వసుఖప్రేరణమును గలవు. ఏది దేనికి లోఁబడవలె ననునదే ప్రశ్నము. ధర్మము స్వసుఖమునకు లోఁబడిన నది విపర్యయము. ఇది మూఁడు మెట్లుగా నుండునని కాంటు చెప్పును. ధర్మమును మనసున నంగీకరించియు నాచరింపఁజాలకపోవుట దౌర్బల్యము. ధర్మమునకుఁ దోడుగా వేఱు ప్రయోజన ముండినఁగాని కదలకుండుట మాలిన్యము. స్వప్రయోజనమునే ముందుంచి ధర్మమును వెనుకకు నెట్టుట వైపరీత్యము. శిలాఫలకముపైఁ దన పేరు చెక్కఁబడునను నాసతో సత్రము కట్టించిన ధనికునిఁ దలఁచుకొనిన నీ భేదము తెలియును. సత్రము మంచిదే, బాటసారులకు నన్నము దొరకును, చట్టము తప్పుపట్టదు. అయినను ఫలకము లేకున్న సత్రము లేదన్నప్పుడు ఆ దాతయందు ధర్మము సేవకుని స్థానమున నున్నది. లోకము మెచ్చు కార్యములలోనే యీ విపర్యయము దాఁగియుండుట కాంటునకు ముఖ్యముగాఁ గనఁబడిన విషయము.

ఈ విపర్యయము స్వయంకృతమని యాయన నిశ్చయము. ప్రతి దుష్కార్యమును, కర్త యంతకుముందు నిర్దోషియై యుండి యప్పుడే దానిలోనికి దిగెనన్నట్లు విచారింపవలెను. పెంపకము, సహవాసము, అలవాటు దుష్కార్యమును వివరించునుగాని కర్తను విడిపింపవు. కానిచో వివరణము పెరిగినకొలఁది బాధ్యత తరిగి, తుదకు శూన్యమగును.

మన దర్శనములతోఁ బోల్చిన నిచ్చట నొక విశేషము గోచరించును. ఈశ్వరునకుఁ బక్షపాతమును, నిర్దయతయు నంటకుండ వేదాంతులు జీవుల సుఖదుఃఖవైషమ్యమునకుఁ గర్మమే కారణమనిరి. మొదటి కర్మ మెక్కడిదన్న సంసార మనాదియని సమాధానము చెప్పిరి. కాంటు దోషమూలమును కాలములో వెనుకకుఁ దీసికొనిపోవఁడు. కాలమునకు వెలుపల నున్న స్వాతంత్ర్యమునందు నిలుపును. అనాది యన్నను, కాలాతీతమన్నను మొదటియెన్నిక మన యనుభవమునకు దొరకదు. అందుచేత రెండు దర్శనములును ఒకే గోడకడకు వచ్చి యాగినవి. కాని ఫలమున భేదము గలదు. అనాదివాదము కర్మపరంపరను లెక్కించు దృష్టి నిచ్చును; కాంటువాదము పరంపరనంతను ప్రక్కకుఁ ద్రోసి నేఁటికర్తను ఒంటరిగా నిలువఁబెట్టును.

ఈ భాగము జర్మను మహాకవి గేటేకు రుచింపలేదు. క్రైస్తవులను మెప్పించుటకై కాంటు తన తత్త్వవస్త్రమునకు మాలిన్య మంటించుకొనెనను భావమును 1793లో మిత్రుఁడైన హెర్డరునకు వ్రాసిన లేఖలో సూచించెను. ఆ యాక్షేపము పేరును జూచి చేసినదేకాని వస్తువును జూచి చేసినది గాదు. వంశానుగతపాపము నొప్పినవాఁడు కర్త భారమును దగ్గించును. కాంటు ఆ పాతమాటలోని వంశానుగతత్వమును దీసివైచి కర్త భారమును రెట్టింపు చేసెను.

ఋణము

గ్రంథమున మిక్కిలి క్లిష్టమును, మిక్కిలి విలువగలదియు నగు ఘట్టము రెండవభాగమున నున్నది. ఒకఁడు చిరకాలము అధర్మమున నడచి, నేఁడు మనసు త్రిప్పుకొనెననుకొనవలెను. ఇఁకమీఁద నతఁడు చేయు మంచి యాయాదినముల విధిని మాత్రమే తీర్చును. పాతఋణమునకుఁ జెల్లుటకు మిగులు లేదు. మఱి పాతఋణ మెట్లు తీఱును? క్రైస్తవమతము దీనికిఁ బరిచితమైన సమాధాన మిచ్చుచున్నది: క్రీస్తు నిర్దోషియై శిక్ష ననుభవించి యందఱి ఋణమును దీర్చెను. కాంటు ఆక్షేప మిచ్చటనే. ధనఋణమైనచో ఎవఁడు చెల్లించినను ఋణదాతకు సమ్మతమే. వెండికిఁ బేరు లేదు. దోషఋణ మట్టిది కాదు. అది ఋణములలో నెల్ల మిక్కిలి స్వకీయమైనది. నిర్దోషి యెంత యుదారుఁడైనను దానిని భుజమున కెత్తుకొనఁజాలఁడు.

తెలుఁగుపండితున కీ యాక్షేపము క్రొత్త కాదు. చేసినది నశించుటయుఁ, జేయనిది వచ్చి పైఁబడుటయు మన శాస్త్రకారులు కృతప్రణాశము, అకృతాభ్యాగమము అను పేరులతోఁ జూపిన దోషములే. పరునిచేతఁ బాపము తీఱునన్న మొదటిదోషమును, ఆదాము పాపము మనకు వచ్చెనన్న రెండవదోషమును దప్పవు. మీమాంసకులును యజ్ఞఫలము కర్తకే చెందునను నియమముతో బయలుదేఱిరి. అయినను ఋత్విక్కులు దక్షిణచేఁ గ్రయింపఁబడి యంగములను నిర్వర్తింపఁగా ఫలము యజమానునిదే యగుట, పుత్రుఁడు పుట్టినపుడు తండ్రి చేసిన వైశ్వానరేష్టి ఫలము పుత్రునకుఁ జెందుట మొదలగు విషయములను వారు విచారింపవలసి వచ్చెను. క్రియను అంగాంగములుగా విభజించి కొంత పరునిచేఁ జేయింపవచ్చునని తేలినది. సంకల్పముమాత్రము యజమానుఁడే చెప్పుకొనవలెను. కాంటు మతవిమర్శమంతయు నా సంకల్పస్థానమున నిలిచి చేసినదే. బాహ్యక్రియకు ఋత్విక్కు దొరకును. మనసు త్రిప్పుకొనుటకు ఋత్విక్కు లేఁడు.

ఐతరేయబ్రాహ్మణములోని శునశ్శేపోపాఖ్యాన మీ భావమునకు దృష్టాంతము కాఁదగును. అజీగర్తుఁడు నూఱావులకుఁ గొడుకు నమ్మెను. యూపమునకుఁ గట్టుటకు మఱి నూఱు, వధించుటకు మఱి నూఱు పుచ్చుకొన నొప్పుకొనెను. పిల్లవాఁడు దేవతాస్తుతిచే విడివడిన తరువాత తండ్రి పశ్చాత్తాపముఁ జెప్పి యావుల నిత్తునన్నను, శునశ్శేపుఁ డంగీకరింపక, యా పని సమాధానము చేయరానిదని తిరస్కరించెను. పశ్చాత్తాపము నిజమైనదే కావచ్చును, గోవులును నిజమైనవే. ఐనను పాతది పాతదిగానే మిగిలినది. కాంటు మూఁడవ సమస్య యని చెప్పిన దిదియే.

ఇంత గట్టిగాఁ బూర్వపక్షమును ఖండించినవాఁడు సిద్ధాంత మెట్లు చేసెను? మనసు త్రిప్పుకొనుట యనఁగాఁ బాతమనుష్యుఁడు చచ్చి క్రొత్తమనుష్యుఁడు పుట్టుట. ఆ చావే యొక శిక్ష. క్రొత్తవాఁడు తన యలవాటులతోఁ బెనఁగులాడుచు, జీవితమున వచ్చు కష్టములను బాతవానికిఁ దగిన దండనముగా నోర్చుకొనును. అనుభవించునది క్రొత్తవాఁడు, చేసినది పాతవాఁడు. దేహము, జీవితము ఒక్కటియే. ఇట్లు పరుఁడు లేకయే ప్రాతినిధ్యము సిద్ధించెనని కాంటు తాత్పర్యము.

ఇచ్చటనే సూత్రము ముడివడినది. క్రొత్తవాఁడు పాతవానికి నిజముగా వేఱైనచో నకృతాభ్యాగమము మరల వచ్చినది. ఇంటివెలుపలికిఁ దఱుమఁబడిన ప్రతినిధి వేఱొక వాకిట లోపలికి వచ్చినాఁడు. వేఱు కానిచో శిక్ష ననుభవించినవాఁడు దోషియే. అప్పుడు తీఱిన దెంత, మిగిలిన దెంత యను లెక్క నిలిచియే యున్నది. కాంటు ఈ రెండుచివరలను గలపఁబూని, సిద్ధమైన మనోవృత్తిని నిండుకార్యముగాఁ బరిగణించుట ఈశ్వరుని తీర్పునఁ గల యనుగ్రహమని యొప్పుకొనెను. ఒప్పుకొనుట దోషము కాదు. కాని యా యొప్పుకోలుతోఁ గేవలబుద్ధి పరిమితి దాఁటినదని చెప్పక తప్పదు. గ్రంథమున సూత్రముయొక్క బలము ఖండనమునఁ గనఁబడినంతగా మండనమునఁ గనఁబడదు.

అనుగ్రహము

బాధ్యతను బూర్ణముగాఁ గర్తకే యిచ్చిన నిరాశ కలుగును. అనుగ్రహమును బూర్ణముగా నొప్పిన నలసత కలుగును. ఈ సంకటము శ్రీవైష్ణవసంప్రదాయమునఁ బ్రసిద్ధమైనది. కోఁతిపిల్ల తానే తల్లిని బట్టుకొనవలెనని వడగలైవారును, పిల్లిపిల్లను దల్లియే నోటఁగఱచుకొని పోవునని తెంగలైవారును జెప్పుదురు. కాంటు నీ న్యాయములలో నొకదానఁ జేర్పవలసివచ్చిన మర్కటకిశోరన్యాయమునకే దగ్గఱగా నుండును. కాని యొక ముఖ్యభేదము గలదు. కోఁతిపిల్లకుఁ దల్లి యున్నదని తెలియును. ఆమె యెటు దూఁకునో యనుభవమునఁ గనిపట్టును. కాంటు చెప్పు మానవున కంతమాత్రపు తెలివియు లేదు. అనుగ్రహ ముండవచ్చును, ఉండకపోవచ్చును. అది యెట్లు పనిచేయునో బుద్ధికి గోచరింపదు. దానిని రాఁబట్టు నుపాయమును లేదు. అనుగ్రహముచేఁ దాను పొందునది యేమని యడుగక, దానికిఁ బాత్రుఁ డగుటకుఁ దాను చేయవలసిన దేమని యడుగుటయే మానవుని పని. గ్రంథమున నీ విషయము ప్రతిభాగము చివరను నుపాంగముగా నుంచుటయే దాని స్థానమును జెప్పుచున్నది. సద్వర్తనమునుండి యనుగ్రహమునకుఁ ద్రోవ గలదుగాని, అనుగ్రహమును నమ్మి సద్వర్తనమునకు వచ్చు త్రోవ లేదను నభిప్రాయముతోనే గ్రంథము ముగియును.

మూఁడవభాగమున నాయన వ్యక్తినుండి సంఘమునకు వచ్చును. మనుష్యులు కలసియుండుటవలననే యీర్ష్య, లోభము, అధికారకాంక్ష పెరుగును. కావున ఒంటరిగా సాధించిన శుద్ధి నిలువదు. ధర్మార్థమైన సమాజ మొకటి యావశ్యకము. ఇది బాధ్యతాసూత్రమునకు విరోధమని తోఁచును. కాని యీ సమాజమునఁ జేరుట బాధ్యతను బంచుకొనుటకుఁ గాదు. ఎవని భారమును వాఁడు మోయుట కడ్డములు తగ్గించుకొనుటకే. పుణ్యగ్రంథములు, ఆచారములు, చారిత్రకవిశ్వాసములు ఆ సమాజమునకు వాహనములు. వాహనము నెక్కినవాఁడు ఊరు చేరెనని యనుకొనరాదు.

మిథ్యాసేవ

నాలుగవభాగము గ్రంథమున మిక్కిలి తీక్షమైనది. సద్వర్తనముకంటె వేఱుగా నేదో చేసి దేవుని మెప్పింపవచ్చునను భ్రమకుఁ గాంటు మిథ్యాసేవయని పేరిడెను. ఉదయమున నెలుఁగుతోలు పంజాను దలపైఁ బెట్టుకొని తన్నుఁ జంపవలదని వేఁడు సైబీరియా వోగుల్ జాతివాఁడును, అమెరికాలోని కనెక్టికట్ నందలి నిష్ఠాపరుఁడైన ప్యూరిటనును ఆచారమున నెంతో భిన్నులు. మూలసూత్రమున నభిన్నులని యాయన వ్రాసెను. టిబెట్టుదేశపుఁ బ్రార్థనచక్రమును గూడ నాయన యీ ప్రసంగమునఁ బేర్కొనెను. దూరదేశములవారిని నవ్వుటకుఁ గాదు. స్వదేశపు బిషప్పును వారి ప్రక్కఁ గూర్చుండఁబెట్టుటకే. మృదువైన పెదవి కదలికతోఁ జేసినను, చక్రము త్రిప్పి చేసినను, హృదయము మాఱనిచోఁ బ్రార్థనము యంత్రమే.

ఐనను ఇచ్చట నొక న్యూనత గలదు. వోగుల్ జాతివాని క్రియయందుఁ గృతజ్ఞతగాని, ప్రకృతియెడ వినయముగాని యున్నదేమో యను విచారము కాంటు చేయలేదు. ఆయన క్యోనిగ్స్‌బెర్గు ప్రాంతమును విడిచి దూరదేశములకుఁ బోయినవాఁడు గాఁడు. యాత్రికుల గ్రంథములే యాయనకు నాధారము. ఆచారమును లోపలినుండి చూచిన నందును బాధ్యత నేర్పు భాగము గోచరింపవచ్చును. శ్రాద్ధము పెట్టు పుత్రునియందు భ్రమయే కాక ఋణస్మృతియు నుండును. కాంటు చూపిన పరీక్ష సత్యము. దానిని ప్రయోగించుటలో నాయన తొందరపడెను.

పురోహితాధిపత్యమునుగూర్చి యాయన చెప్పినది మాత్రము తిరుగులేనిది. 1784లోఁ బ్రకటించిన జ్ఞానోదయవ్యాసముననే, తనకు బదులు గ్రంథము తెలిసికొనఁగా, బోధకుఁడు తనకు మనస్సాక్షిగా నుండఁగా, వైద్యుఁడు పథ్యము నిర్ణయింపఁగాఁ దాను శ్రమపడనేల యని యనుకొనువాని సోమరితనమును జూపియుండెను. మతగ్రంథమున నదే మాట మరణశయ్యకడ వినఁబడును. చనిపోవువాఁడు బోధకుని బిలిపించుకొనుట శరీరబాధకుఁ గాక మనస్సాక్షి పోటునకు నూఱట కొఱకే. ఆ సమయమున మనస్సాక్షిని మేల్కొలిపి, తీర్పఁగల యన్యాయము నింకను దీర్పుమని చెప్పుటకు మాఱుగా, దానికి నల్లమందు పోసినట్లు జోకొట్టుట, పోవువానికిని మిగిలినవారికిని జేసిన ద్రోహమని యాయన యనెను. మతమును నల్లమందుతోఁ బోల్చిన కారల్ మార్క్సు వ్యాసము 1844లోనిది. కాంటునకు నల్లమందు సమాజదుఃఖమున కిచ్చు మందు గాదు. ఒక్కని యపరాధజ్ఞానమును జంపు మందు.

అంతరాత్మ

ఈ భాగముననే మతన్యాయాధికారి దృష్టాంతము గలదు. అతఁడు తన మతమును నిష్కపటముగా నమ్మినవాఁడు, ఎదుట అవిశ్వాసి నిలిచియున్నాఁడు, మరణదండనము విధింపవలెనా? మతవిశ్వాసమునకై మనుష్యుని జంపుట అధర్మమనుట నిశ్చయము. ఈశ్వరుఁడు తద్భిన్నముగా నాజ్ఞాపించెననుటకుఁ జారిత్రకగ్రంథములును, వ్యాఖ్యాతలును మాత్రమే యాధారము. అందుఁ బొరపాటున కవకాశము గలదు. నిశ్చయమైన యధర్మమును సందేహాస్పదమైన యాజ్ఞపైఁ జేసినవాఁడు, ఎంత విశ్వాసి యైనను, మనస్సాక్షి లేనివాఁడే. 1798లో వెలువడిన మఱియొక గ్రంథమున నీ న్యాయమునే యబ్రాహాము కథకును వర్తింపఁజేసెను: కొడుకును జంపరాదనుట నిశ్చయము, చంపుమన్నది దైవమనుట నిశ్చయము గాదు.

ఈ దృష్టాంతము గ్రంథమునకు హృదయ మనఁదగును. ఆజ్ఞ యిచ్చినవాఁడు వేఱు, తాను కేవలము నెఱవేర్చినవాఁడనను సమాధానము దీనితోఁ గూలిపోవును. ఆజ్ఞను ఆజ్ఞగా గుర్తించినవాఁడు తానే కదా! పైవాని పేరు చెప్పుకొన్నను గుర్తించుట యను కార్యము తనదే. రాజాజ్ఞ, గురువాక్యము, కులాచారము, పార్టీశాసనము దేనికైనను నీ తర్కము చెల్లును.

ఈ వివాదమున కాంధ్రులతో సాక్షాత్సంబంధము గలదు. మద్రాసు క్రైస్తవకళాశాలలోఁ దత్త్వశాస్త్రాచార్యుఁడైన ఆల్‌ఫ్రెడ్ జార్జి హాగ్ 1909లోఁ 'గర్మము–విమోచనము' అను నర్థముగల గ్రంథమును బ్రకటించి, కర్మసిద్ధాంతము న్యాయస్థానపు లెక్కవంటిదనియు, క్రైస్తవవిమోచనము నైతికోద్దేశముగలదనియు వివేచించెను. ఆయన శిష్యుఁడగు సర్వేపల్లి రాధాకృష్ణయ్య, వేదాంతమున నీతికిఁ జోటులేదను నాక్షేపమునకు సమాధానముగా 1908లో వేదాంతనీతినిగూర్చి పరిశోధనవ్యాసము వ్రాసెను. కాంటును మధ్యవర్తిగాఁ బిలిచిన నాయన తీర్పు ఉభయులకును గొంత చేదుగానే యుండును: పరునిచే విమోచన మన్నది పొసఁగదు, లెక్క తనంతఁ దానే తీఱునని కూర్చుండుటయుఁ బొసఁగదు.

పరీక్ష

1794 అక్టోబరు 1వ తేదీతో వెల్నరు సంతకముగల రాజాజ్ఞ కాంటునకు వచ్చెను. పవిత్రగ్రంథములోని మూలసిద్ధాంతములను వికృతపఱచి యవమానించెననియు, ఇఁకమీఁద నట్లు చేసినచో నప్రియమైన చర్యలు తప్పవనియు దాని భావము. అప్పుడాయనకు డెబ్బదియేండ్లు. కాంటు తన ప్రత్యుత్తరమున నభియోగమును నిరాకరించెను. తన గ్రంథము సామాన్యజనులకు బోధపడనిదనియుఁ, బండితుల వ్యవహారమనియుఁ జెప్పెను. తన యభిప్రాయములను ఉపసంహరింపలేదు. కాని రాజునకు విధేయుఁడైన ప్రజగా, మతమునుగూర్చి యిఁకఁ బ్రసంగింపననియు, వ్రాయననియు మాట యిచ్చెను. 1797 నవంబరులో రాజు మరణించెను. 1798లోఁ గాంటు ఆ లేఖల నచ్చువేయించి, యా రాజునకుఁ బ్రజగా నని తాను బుద్ధిపూర్వకముగా వ్రాసితిననియు, నాతని మరణముతో నా మాట తీఱెననియుఁ బ్రకటించెను.

ఈ నడవడిని గ్రంథకర్త యిచ్చిన కొలతోనే కొలువవలెను. తన లోపలి నిశ్చయమును గాదనుట నీచమనియు, మౌనముమాత్రము ప్రజకు విధియనియు నాయన వ్రాసికొనియుండెను. చెప్పునదెల్ల సత్యము కావలెను, సత్యమెల్లఁ జెప్పవలసిన విధి లేదనుట యాయన మతము. ఈ కొలకు మౌనము నిలుచును. నిలువనివి రెండు. సామాన్యజనులు తమ బుద్ధిని దామే యుపయోగింపవలెనని 1784లో నెలుఁగెత్తినవాఁడు 1794లోఁ దన గ్రంథము వారికి మూసినపుస్తకమని చెప్పుకొనెను. రెండవది, రాజు ఒక యర్థమునఁ బుచ్చుకొనునట్లును, తాను వేఱొక యర్థమున విడిపించుకొనునట్లును కూర్చిన యా చిన్నపదము. అసత్యము గాకపోవచ్చును, కాని ధర్మమును సౌకర్యమునకు లోఁబఱచు మాలిన్యము, మొదటిభాగమునఁ దాను వర్ణించిన రెండవమెట్టు, ఆ పదమునఁ గొంచె మంటినది. తత్త్వవేత్త తన సూత్రమునకుఁ దానే దృష్టాంతమయ్యెను. దీనివలన సూత్రము తగ్గదు. అపరాధము లేనివాఁడు వ్రాసిన గ్రంథమే సత్యమైనచో లోకమున నీతిగ్రంథ మొక్కటియు మిగులదు.

కాంటు మతగ్రంథమునఁ జిక్కుముడి యొకటి గలదు, తొందరపాటొకటి గలదు. రెండును బైఁ జూపఁబడినవి. అవి పోఁగా మిగిలినది, ఏ మతమువాఁడైనను దన యాచారమునకుఁ బట్టి చూచుకొనఁదగిన యొఱగల్లు. ఈ క్రియ నా బాధ్యతను మేల్కొలుపుచున్నదా, నాకు మాఱుగా నెవనినో నిలుపుచున్నదా యని భక్తుఁడు తన్నుఁ దా నడుగుకొనవలెను. మేల్కొలుపు నాచారము, ఎంత ప్రాఁతదైనను, కాంటు కొలకు నిలుచును. ప్రతినిధిని జూపించు నాచారము, ఎంత సంస్కృతమైనదైనను, నిలువదు. ఆ ప్రశ్నమును దేవునిముందఱఁ గాని, గురువుముందఱఁ గాని పెట్టి ప్రయోజనము లేదు. సమాధానము చెప్పవలసినవాఁడు సంకల్పము చెప్పుకొన్నవాఁడే.